మిషను నెత్తిన శ్రీ

నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. సుశీల పిన్నిగారు నేను తీసినవి మళ్ళీ చూసి, నేను వదిలేసిన ఈనెలు తీస్తున్నారు. వంటింటి గుమ్మంలోంచి ముందుగది బాగా కనిపిస్తుంది. అక్కడ ఆవిడ భర్త పూర్ణచంద్రరావు బాబాయిగారు పొద్దుటినుంచీ ఒక తుపాకీతో పోట్లాడుతున్నారు.

తుపాకీ అంటే బార్‌కోడ్ స్కానర్. ఇది తొంభయ్యారు సంగతి. తెనాలిలో అద్దె నవలల షాపు ఎవరైనా పెట్టొచ్చు, ఎర్రదీపంతో నంబరు చదివే షాపు మాత్రం తనదొక్కటే కావాలని ఆయన పట్టుదల. రేపల్లెలో టైపు లోయర్ పాసైన నన్ను మా ఊరు నగరం నుంచి పిలిపించి పనిలో పెట్టుకున్నది ఇందుకే. ముందుగది నిండా ఉన్న నవలలకు గీతల చీటీలు అంటించింది నేనే.

స్కానర్ చీటీ చదువుతోంది. కానీ నంబరు అయ్యాక కింది లైనుకి దిగడం లేదు. నవలలన్నీ గూడ్సుబండి పెట్టెల్లా ఒకదానికొకటి తగులుకుని ఒకే లైన్లో పోతున్నాయి. ప్రతి నంబరు చివర ఎంటర్ కొట్టమని దానికి నేర్పాలి. కంప్యూటర్లో ఒక ఆజ్ఞ టైపు చేసి వైరుగుండా పంపాలి. ఒక్క కూత కూస్తే ఒప్పుకున్నట్టు. మూడు కూస్తే తప్పు. ప్లగ్గు పీకి మళ్ళీ మొదలు.

పొద్దుటినుంచీ మూడేసి కూస్తోంది.

దాన్ని అమ్మిన బర్నబాసుగారు పన్నెండింటికి బాపట్ల నుంచి వస్తారు. అప్పటికి దారికి రాకపోతే తిప్పి పంపేస్తానని బాబాయిగారు నిన్ననే చెప్పారు. అది వచ్చిన అట్టడబ్బా గుమ్మం పక్కన నోరు తెరుచుకుని ఉంది. స్కానర్ పోతే నా పనీ పోతుంది. పాత రిజిస్టరు రాయడానికి ఆయన చెయ్యి చాలు.

"కోడిని కోసినా ఇంత అరవదు," అన్నారు పిన్నిగారు.

మంచినీళ్ళు ఇచ్చే వంకన వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాను. నాలుగుసార్లు చూశాను. స్కానర్‌తో వచ్చిన గైడులో ఉన్నది ఉన్నట్టే కొడుతున్నారు. డాలరు గుర్తు, నాలుగు అక్షరాలు, ఎంటర్. కానీ దానికి ముందు, ప్రతిసారీ, ఎస్, ఆర్, ఐ. శ్రీ.

ఆయన శ్రీ లేకుండా ఏదీ రాయరు. కిరాణా చీటీ మీద శ్రీ. 'ఈరోజు షాపు లేదు' అన్న కాగితం మీదా శ్రీ.

గైడు తీసి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. డాలరు గుర్తే మొదట రావాలట. ఇంకేది ముందొచ్చినా ఒప్పుకోదట.

చెప్పడం ఎలా? లూథరన్ క్రైస్తవుల ఇంటి పిల్లని. శ్రీ తీసెయ్యండి అంటే, రిబ్కాకి మన దేవుళ్ళు పనికిరారు కాబోలు అనుకుంటారు. మా నాన్న సీమోను కూడా పైన సిలువ గుర్తు వేయకుండా ఉత్తరం మొదలుపెట్టడు. అది వద్దంటే నాన్న మొహం ఎలా అవుతుందో నాకు తెలుసు.

పదకొండున్నర. మళ్ళీ మూడు కూతలు. బాబాయిగారు ప్లగ్గు పీకి వైరు చుట్టడం మొదలుపెట్టారు.

"బాబాయిగారూ, కొత్త బీరువా కొన్నప్పుడు శ్రీ ఎక్కడ రాశారండి?"

"తలుపు మీద. ఏం?"

"లోపలి చీరల మీద రాయలేదు కదండి."

ఆయన నావైపు చూశారు. తెరమీది ఎస్, ఆర్, ఐ వైపు చూశారు.

"సుశీలా, కాస్త పసుపు కలిపి పట్రా."

గాజుకు తగలకుండా స్కానర్ నెత్తిన అగ్గిపుల్లతో శ్రీ రాశారు. ప్లగ్గు పెట్టారు. డాలరు గుర్తు కొట్టేముందు వేలు గాల్లో ఆగింది; పెదాలు మాత్రం శ్రీ అనేశాయి. నాలుగు అక్షరాలు, ఎంటర్.

ఒక్క కూత.

రెండు నవలలు అందించాను. రెండు నంబర్లు, ఒకదాని కింద ఒకటి.

"అయితే పొద్దుటినుంచీ దేవుణ్ణి ఆ వైరులోంచి తోస్తున్నారన్నమాట," అన్నారు పిన్నిగారు. "పాపం, ఎంత ఇరుకో."

బాబాయిగారు లేచి గుమ్మం పక్కనున్న డబ్బాని కాలితో తొక్కి పలకలా చేశారు. దాన్ని చంకలో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, పాతకాగితాల కొట్టు ఉన్న వైపు వెళ్ళిపోయారు.