కాంతమ్మ సరావ్ పాఠాలు

డి.ఎడ్. కాలేజీలో కాంతమ్మను అందరూ 'మావశీ' అనేవాళ్లు. మరాఠీలో పిన్నిని అట్లా పిలుస్తారు. తరగతిలో మిగతావాళ్లంతా పన్నెండో తరగతి దాటి నేరుగా వచ్చిన పిల్లలు, ఇరవై నిండనివాళ్లు. ఆమెకు నలభై దగ్గర పడుతోంది. మొదటి రోజు ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే కొత్త మేడం వచ్చిందనుకుని అందరూ లేచి నిలబడ్డారు. కాంతమ్మ చెయ్యి దానంతటదే 'కూర్చోండి' అన్నట్టు కదిలింది. తర్వాత ఆమె పోయి చివరి బెంచీలో కూర్చునేసరికి కొందరు నవ్వారు, కొందరు జాలిగా చూశారు. నవ్వినవాళ్లే నయమనిపించింది ఆమెకు.

ఆ చేతి అలవాటు పదిహేనేళ్లది. ఆ పదిహేనేళ్లూ ఆమె పాఠాలు చెప్పింది మలేషియాలో. తాత ఎప్పుడో విశాఖలో ఓడెక్కి పోయినవాడు. తండ్రి అప్పలనర్సయ్య కొబ్బరి తోటల మధ్య కూలీల పిల్లలకు తెలుగు బడి నడిపాడు. కాంతమ్మ అక్కడి ప్రభుత్వ శిక్షణ కళాశాలలో చదివి, మలాయ్ బడిలో లెక్కల టీచరైంది. అక్కడ టీచరును 'చిక్గు' అంటారు. వీధిలో నడుస్తుంటే సైకిళ్ల మీద పోయే కుర్రాళ్లు కూడా 'చిక్గు కాంతమ్మా' అని దిగి నిలబడేవాళ్లు.

కరెంటు కేంద్రం కట్టడానికి ఇండియా కంపెనీ తరఫున వచ్చిన అనంతరావు అక్కడే ఆమెను చూసి పెళ్లి చేసుకున్నాడు. చాలా ఏళ్లు అక్కడే ఉండిపోయాడు. ఆ పనులు అయిపోయేనాటికి ఇటు మహారాష్ట్రలో చాందా చుట్టూ కొత్త సిమెంటు ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. గడ్‌చాందూర్‌లో మంచి ఉద్యోగం ఉందని అతని తమ్ముడు ఫోన్ చేస్తే, కూతురు అక్షితను వెంటబెట్టుకుని ముగ్గురూ చాందా వచ్చేశారు. బాబుపేట్‌లో అనంతరావు వాళ్లది కిరాణా కొట్టు. కొట్టు వెనకాలే ఇల్లు. అనంతరావు వారమంతా ఫ్యాక్టరీ క్వార్టర్‌లో ఉండి శనివారం బస్సుకు ఇంటికొచ్చేవాడు. ఇంట్లో కాంతమ్మ, అక్షిత, అత్తగారు సాయమ్మ.

వచ్చిన ఏడాదే కాంతమ్మ ఉద్యోగం కోసం తిరిగింది. ఊళ్లో సందుకొక ఇంగ్లీషు మీడియం బడి పుట్టుకొస్తున్న రోజులవి. లెక్కల టీచరంటే కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్లు, సర్టిఫికెట్లు చూశాక టీ కూడా ఇచ్చేవాళ్లు, ఆ తర్వాత లేచేవాళ్లు. ఒక ప్రిన్సిపాల్ మాత్రం మెత్తగానే చెప్పాడు.

"మీరు అక్కడ టీచరే మేడం, నేను కాదనడం లేదు. ఇక్కడ టీచరు కావాలంటే ఇక్కడి చదువు ఉండాలి."

సర్టిఫికెట్లు ఢిల్లీకి పంపితే ఏడాదిన్నరకు జవాబొచ్చింది. ఆమె బడి చదువు ఇక్కడి పన్నెండో తరగతికి సమానమట. శిక్షణకు మాత్రం ఇక్కడ సమానమైనది ఏదీ లేదట. అంటే రెండేళ్ల డి.ఎడ్. మొదట్నుంచి చెయ్యాలి, అదీ మరాఠీలో.

కాంతమ్మకు తెలుగు, మలాయ్, ఇంగ్లీషు, కాస్త అరవం వచ్చు. మరాఠీ అక్షరాలు నెల రోజుల్లో పట్టుకుంది. పట్టుబడనిది వస్తువుల లింగం. నల్లబల్ల మగది, బడి ఆడది, పుస్తకం రెండూ కాదు. ఎందుకట్లా అని అడిగితే చెప్పగలిగినవాళ్లు లేరు.

"తో శాళా కాదమ్మా, తీ శాళా," అని బడిని ఆడలింగంలోకి దిద్దేది అక్షిత, పళ్లెంలోంచి తలెత్తకుండానే. ఆ పిల్ల మరాఠీ బడిలో చేరిన ఆర్నెల్లకే ఆ ఊరి పిల్లలా మాట్లాడడం మొదలుపెట్టింది. "గట్ల అంటే అందరు నవ్వుతరు."

కాలేజీలో వాళ్లను ఊళ్లోని బడులకు పంపి పాఠాలు చెప్పించేవాళ్లు. వాటిని 'సరావ్ పాఠ్' అంటారు, అభ్యాసం కోసం చెప్పే పాఠాలు. పాఠానికి ముందు దాని అంచెలన్నీ కాగితం మీద రాసుకుని సంతకం పెట్టించుకోవాలి. కాంతమ్మ మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, గోడకు ఎదురుగా నిలబడి ఆ పాఠం అప్పజెప్పుకునేది. సాయమ్మ రెండు రోజులు చూసి మూడో రోజు అడిగేసింది.

"ఏందే పిల్లా, పొద్దంత గోడతోని ముచ్చట పెడ్తున్నవ్?"

"గోడతో కాదత్తా. పిల్లలున్నారనుకొని చెప్తన్నాను."

"పిల్లలెందుకే, నేన్ లేనా? ఆగు." సాయమ్మ బియ్యం చాట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. కొట్లో కూర్చుని కూర్చుని ఆమెకు బజారు మరాఠీ బాగానే వచ్చు. చాటలో రాళ్లేరుకుంటూ పాఠమంతా విని, చివర తల అడ్డంగా ఊపింది. "నాకు సమజ్ కాలే. మల్ల చెప్పు."

కాంతమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మళ్లీ చెప్పింది.

వాళ్ల సరావ్ పాఠాలు చూసే లెక్చరర్ పేరు మాధురి. పాతికేళ్ల పిల్ల. వాళ్లదీ ఊళ్లో బట్టల కొట్టు పెట్టుకున్న తెలుగు కుటుంబమే. తెలుగు మాట్లాడుతుంది కాని చదవడం రాదు. మొదటి పాఠంలో కాంతమ్మ తనకు అలవాటైన పద్ధతిలోనే పోయింది. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, తానూ నేల మీద కూర్చుని, చింతగింజలు పంచి, తీసివేతలు చేయించింది. పిల్లలు గోల గోలగా ఒకరి గింజలు ఒకరు లాక్కున్నారు. లెక్క మటుకు అందరికీ వచ్చింది. వెనక కుర్చీలో కూర్చున్న మాధురి పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

తర్వాత వరండాలో ఆమె గొంతు తగ్గించి తెలుగులో చెప్పింది. పిలుపు మటుకు మరాఠీదే, 'తాయీ', అక్కా అని.

"తాయీ, ప్రస్తావన ఏది? ఇయ్యాల ఏం పాఠం నేర్సుకుంటరో మొదలే పిల్లలకు చెప్పాలె, అది లేదు. బోర్డు మీద ఒక్క గీత గియ్యలే."

"పిల్లలకి వచ్చింది కదమ్మా?"

"వచ్చింది. నాకు గూడ నచ్చింది, నిజం చెప్తున్న. కని నచ్చినదానికి మార్కులేసే ఖానా ఈ కాగితంల లేదు తాయీ. నేనేం చెయ్యాలె?"

కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది కాంతమ్మకు. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆమె చింతగింజలు మానేసి, బోర్డు మీద తేదీ, విషయం, పాఠం పేరు రాయడం మొదలుపెట్టింది. అంచె తర్వాత అంచె చెప్పింది. మార్కులు పెరిగాయి. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిచి, గడప లోపల అట్లాగే కాసేపు గోడకు ఆనుకుని నిలబడేది. పాఠం చెప్పి ఇంత అలసిపోవడం ఆమెకు కొత్త. పూర్వం రోజంతా బడిలో గొంతు చించుకున్నా ఇంటికి పాట పాడుకుంటూ వచ్చిన మనిషి.

రెండేళ్లు అట్లా గడిచాయి. రాత పరీక్షలు గట్టెక్కాయి. చివరిది వార్షిక పాఠం, బయటినుంచి వచ్చిన పరీక్షకుడి ముందు చెప్పాలి. ఆమెకు బొగ్గుగనుల వైపు బడిలో రెండో తరగతి ఇచ్చారు. అప్పు తెచ్చుకుని చేసే తీసివేత పాఠం. పరీక్షకుడు పెద్దాయన, వెనక గోడ పక్కన మాధురితో కూర్చున్నాడు.

ప్రస్తావన అయింది. బోర్డు మీద లెక్క వేసి, హాజరు పట్టీలోంచి ఒక పేరు పిలిచింది. "సారికా."

ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచింది. పిల్లలందరూ మూడో వరసలో ఒక అమ్మాయి వైపు తిరిగారు. ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని చూస్తోంది. కాంతమ్మ దగ్గరకు పోయి మరాఠీలో అడిగింది, నెమ్మదిగా ఇంకోసారి అడిగింది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నగా, తనలో తాను అనుకున్నట్టు అంది.

"నాకు రాదు."

తెలుగు! కాంతమ్మ మోకాళ్ల మీద వంగింది. వెనక పరీక్షకుడున్న సంగతి ఆమెకు తెలుసు. తెలిసే వంగింది.

"నీ పేరేటమ్మా?"

"సారక్క."

"సారికా అని ఎవరు రాశారు?"

"సార్."

"సరే సారక్కా, రెండులోంచి ఏడు పోతాయా?"

"పోవు."

"మరి పక్కింటోళ్లని అడుగుదామా?"

పిల్ల కళ్లు తుడుచుకుని బోర్డు దగ్గరకు వచ్చింది. పక్కనున్న పదుల ఇంటి నుంచి పది అప్పు తెచ్చుకుని లెక్క పూర్తి చేసింది. తరగతంతా చప్పట్లు కొట్టింది. పరీక్షకుడు కొట్టలేదు. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, కండువా సర్దుకుని లేచాడు. మాధురి తల వంచుకుంది.

ఫలితాల్లో కాంతమ్మ వార్షిక పాఠం తప్పింది. 'బోధనా మాధ్యమం పాటించలేదు' అని కారణం. ఇంకో ఏడాది సరావ్ పాఠాలు చెప్పి, మళ్లీ పరీక్షకు కూర్చోవాలి.

ఆ ఆదివారం అనంతరావు భోజనం చేస్తూ నెమ్మదిగా ఎత్తాడు.

"వద్దనుకుంటే ఇడిచిపెట్టు కాంతా. ఇంట్ల మనకేం తక్కువైంది? నువ్వు గిట్ల సగమైపోతుంటే నాకు చూడబుద్దయితలేదు."

"తక్కువేటీ అవలేదండి." ఆమె మజ్జిగ గిన్నె కింద పెట్టింది. "నాను అక్కడ ఏటి చేసేదాన్నో మీరు కళ్లారా చూశారు. మీరిక్కడికొచ్చాక మళ్లీ ఇంజినీరింగు చదవమన్నారేటి మిమ్మల్ని ఎవరైనా?"

"నాది ఈడి డిగ్రీనే గద."

"అదే అంటన్నాను."

అనంతరావు అన్నంలో వేళ్లు ఆడిస్తూ కూర్చున్నాడు. తలుపు దగ్గరున్న సాయమ్మ అందుకుంది.

"నడుమల ఇడిచిపెడ్తే నేన్ ఊకోను. గిన్ని పాఠాలు నాతోని కూసోబెట్టి ఇనిపిచ్చినవ్. నా మెహనత్ ఏమైతది?"

మూడో ఏడు అన్నిటికంటే బరువుగా నడిచింది. కొత్త బ్యాచ్ పిల్లలు వచ్చారు, వాళ్లూ మావశీ అన్నారు. కాంతమ్మ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. చెప్పింది చెప్పినట్టు రాసింది, రాసింది రాసినట్టు చెప్పింది. ఇప్పుడామె మరాఠీలో ఎవరూ తప్పు పట్టేందుకు లేదు. బల్లలూ బడులూ పుస్తకాలూ అన్నీ తమ తమ లింగాల్లో కుదురుగా కూర్చున్నాయి.

ఈసారి వార్షిక పాఠానికి మూడో తరగతి ఇచ్చారు. గుణకారం. పరీక్షకుడు వేరే మనిషి. పాఠం గడియారంలా నడిచింది. ప్రశ్న అడగ్గానే ముందు వరసల్లో చేతులు లేచాయి. అప్పుడు చూసింది, కిటికీ పక్కన ఒక పిల్లవాడు. చెయ్యి ఎత్తలేదు. వేళ్లు మడుస్తూ పెదవులు కదుపుతున్నాడు. మాట వినబడలేదు కాని ఆ పెదవుల కదలిక ఆమెకు తెలుసు. ఏడు. ఎనిమిది. తొమ్మిది. తెలుగులో లెక్కపెట్టుకుంటున్నాడు. లెక్క మధ్యలో తప్పిపోయి, వేళ్లు విప్పి, మళ్లీ మొదటికి వచ్చాడు. ఒకసారి తలెత్తి ఆమె వైపు చూశాడు కూడా.

కాంతమ్మ చూపు తిప్పుకుని, చేతులెత్తిన పిల్లల్లోంచి ఒకణ్ణి లేపింది. వాడు టక్కున చెప్పాడు. "శాబాష్" అని మరాఠీ యాసలోనే మెచ్చుకుని తర్వాతి అంచెకు పోయింది.

బయటికి వచ్చాక మాధురి ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "అయిపోయింది తాయీ. సార్ మస్తు ఖుష్ ఉన్నడు. ఇగ పరేషాన్ గాకు."

కాంతమ్మ తలూపింది. మాధురి వెళ్లిపోయాక మళ్లీ ఆ తరగతి గదికి పోయింది. గంట కొట్టేశారు. గదిలో ఎవరూ లేరు. కిటికీ పక్కన పిల్లలు కూర్చునే గోనెపట్టా చుట్టి ఉంది. కాసేపు అక్కడే నిలబడి, బోర్డు మీద తను రాసింది తుడిచేసి ఇంటికొచ్చింది. ఇంట్లో అందరూ ఎట్లా జరిగిందని అడిగారు. బాగా జరిగిందని చెప్పి, మొహం కడుక్కోకుండానే చాప మీద ఒరిగింది. అక్షిత వచ్చి కాళ్లు ఒత్తుతుంటే అట్లాగే నిద్రపోయింది.

సెకండు క్లాసులో పాసైంది. సర్కారు బడికి వయసు దాటిపోయింది. ఇంగ్లీషు మీడియం బడులు ఈసారి మరాఠీ మీడియం డి.ఎడ్. కదా అని పెదవి విరిచాయి. చివరికి జివతి కొండల్లో ఒక ట్రస్టు నడిపే ఆశ్రమ బడిలో లెక్కలకు మనిషి కావాలని మాధురి కబురు పంపింది. చుట్టుపక్కల గోండు పిల్లలు, తెలుగు రైతుల పిల్లలు చదివే చోటు. వారమంతా అక్కడే ఉండాలి. "ఇగ మీరిద్దరు శనివారం బస్సుల కలుసుకుంటరు తీయ్," అంది సాయమ్మ. అంటూనే పచ్చడి జాడీ కట్టి ఇచ్చింది.

బస్సు దిగి, మట్టి దారిన పెట్టె మోసుకుంటూ ఆమె బడికి చేరేసరికి ఎండ ముదిరింది. హెడ్‌మాస్టర్ ప్రహ్లాద్ పంచాయతీ బోరింగు దగ్గర పిల్లలతో బిందెలు నింపిస్తున్నాడు. చెయ్యి తుడుచుకుని వచ్చి పెట్టె అందుకున్నాడు. ఆమె డి.ఎడ్. కాగితం చూసి, తేదీ చూసి, తలెత్తి ఆమె నెరిసిన జుట్టు చూశాడు. పేరును బట్టి తెలుగులోనే అడిగాడు.

"మొన్ననే పాసైనట్టున్నరు. గిదే మొదటి నౌకరియా మేడం?"

చెప్పాలంటే చాలా ఉంది. ఓడ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. కాంతమ్మ పైట చెంగుతో మెడ తుడుచుకుంది.

"అవునండి."

"ఏం ఫికర్ లేదు, మెల్లగ నేర్సుకుంటరు. పిల్లలు మంచోళ్లే. గా చివరి గది మీది."

కాంతమ్మ అటు నడిచింది. గుమ్మంలో ఆమెను చూడగానే పిల్లలందరూ లేచి నిలబడ్డారు. లోపల బెంచీలు లేవు, నేల మీద చాపలు. ఆమె పోయి వాళ్ల మధ్య చాప మీదే కూర్చుంది. ముందు దాహం వేస్తోందని తెలుగులో చెప్పింది.