ఏమీ కనబడని ఫోటో

మేనమామ పెట్టిన కూడు కాదంటే ఒంట్లో నెత్తుటిని కాదన్నట్టే. బిడ్డకు నెత్తురూ ఊపిరీ మేనమామ ఇచ్చినవేనని లిఫూ దీవిలో పసిపిల్లలకైనా తెలుసు. పోనిమె మొదటి పరీక్ష అందుకే చెడింది.

థైరాయిడ్ గ్రంథికి క్యాన్సరొస్తే కోసి తీసేశారు. కొన్నాళ్లకు రక్తపరీక్షలో జబ్బు జాడ మళ్లీ పెరిగింది. మెడకు స్కానింగు తీస్తే చెవి కింద గడ్డ కనబడింది. ఇక అయోడిన్ మాత్ర మింగి ఫోటో తీయించుకోవాలి. జబ్బు ఆ మాత్రను పీల్చుకుంటే ఫోటోలో మెరుస్తుంది. మెరిస్తే అదే మందుతో మాడ్చేయవచ్చు. అంతకుముందు అయోడిన్ ఉండే సముద్రపు తిండీ, ఉప్పూ ముట్టకూడదు. ఒళ్లు అయోడిన్‌కు మొహం వాచి ఉండాలి.

నూమెయా పట్నంలో మేనమామ వపోత్రో ఇంట్లో దిగింది. ఆయన చేపా పెండలమూ కొబ్బరిపాలతో అరటాకుల్లో చుట్టి, వేడిరాళ్ల కింద ఉడికించి పెట్టాడు. కాదనలేక తింది. ఫోటోలో ఏదీ మెరవలేదు. ఏం తిన్నావో చెప్పమని, సంగతి విని, మళ్లీ రమ్మంది డాక్టరమ్మ.

రెండోసారి పోనిమె తిండి ముందు చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఏమే, నీకు ఊపిరి పోసింది డాక్టరమ్మా?" అన్నాడు మామ.

"నువ్వే పోశావు మామా. దాన్ని నిలుపుకుందామనే."

"నిలుపుకో తల్లీ. మా చేప విషమైపోయింది."

ఆ తర్వాత ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఉప్పులేని పెండలం నములుతూ, పరీక్ష కోసం రోజువారీ థైరాయిడ్ బిళ్లలు ఆపినందుకు నీరసంతో కాళ్లీడ్చుకుంటూ, ఆ మౌనాన్నీ భరించింది.

ఈసారీ ఫోటోలో ఏదీ మెరవలేదు.

"చేప ముట్టలేదమ్మా," అంది పోనిమె.

"తెలుసు. జబ్బు పోలేదు. మాత్రను పీల్చుకోవడం మానేసింది, అంతే."

కోద్దామన్నా గడ్డ మెడలోని పెద్ద రక్తనాళాన్ని కరుచుకుందట. తప్పు చేపదే అయితే బాగుండునని ఇన్నాళ్లూ ఎంత ఆశపడిందో పోనిమెకు అప్పుడు తెలిసింది.

ఆసుపత్రికి తోడొచ్చిన మామ కూతురు గది బయటే ఉండి, ఫోటోలో ఏమీ లేదన్న ముక్క మాత్రం విని ఇంటికి ఫోను చేసేసింది. వాళ్లు వెళ్లేసరికి వపోత్రో కోపం మరిచి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పాస్టరుకు కబురంపానన్నాడు, ఆదివారం కృతజ్ఞత ప్రార్థనట.

"ఏమీ లేదంటగా! నీ మొండితనమే గెలిచిందే," అన్నాడు.

పోనిమె ఆయన చెయ్యి పట్టుకుని, వేళ్లను తన చెవి కింద ఆనించింది. ఆయన నవ్వుతూనే తడిమాడు. వేళ్లు ఒకచోట ఆగాయి. ఆ చెయ్యి తీయడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.