నూనె తాగిన తలుపులు

ఆ వీధిలో ఆమెను అందరూ హెడ్మాస్టరమ్మ అంటారు. ఏ బడిలోనూ ఒక్క పాఠం చెప్పిన మనిషి కాదు. ఎదుటివాళ్ళ తప్పు కనపడితే నోరు ఊరుకోదు, అంతే. ఇప్పుడు తప్పుల సంగతి దేవుడెరుగు, ఎదుటి మనిషే సరిగా కనపడటం లేదు. రెండేళ్ళుగా చూపు మసకబారుతూ వచ్చింది, ఇక బాగుపడదని డాక్టరు తేల్చేశాడు. మొన్న తెరిచి ఉన్న అలమర తలుపు కనపడక నుదురు బొప్పి కట్టించుకుంది. దాంతో కొడుకు ఒక నిర్ణయానికొచ్చాడు. ఒకటో తారీఖు నుంచి వంటామె వస్తుంది, అమ్మ హాల్లో కూర్చుని విశ్రాంతి తీసుకోవాలి.

విశ్రాంతి అన్న మాట ఆమెకు ఒంటికి కారం రాసినట్టుంది. ముప్పై ఏళ్ళ వంటగది అది. అందులోంచి బయటికి పంపేస్తే ఈ ఇంట్లో తనొక కుర్చీతో సమానమని భయం పట్టుకుంది. అయినా ఏడవలేదు, అలగలేదు. ఒకటో తారీఖుకి ఇంకా ఇరవై రోజులున్నాయి.

ఆలోచిస్తే కష్టమంతా రంగు దగ్గరే ఉంది. గోడలు గోధుమ రంగు, చెక్క అలమరలూ గోధుమ రంగే, గట్టు రాయి కూడా ఇంచుమించు అంతే. ఆమె కళ్ళకు అన్నీ కలిసి ఒక్క ముద్దలా ఉంటాయి. గోడ ఎక్కడ ఆగి తలుపు ఎక్కడ మొదలవుతుందో తెలియదు. అలమరలకి రంగు వేయిద్దామని కోడలితో అంటే ఆ పిల్ల ఎగిరి గంతేసినంత పని చేసింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆ పిల్లకు తెల్లటి వంటగది మీద ఆశ.

రంగుల కొట్టులో రంగుల అట్ట చేతికిస్తే హెడ్మాస్టరమ్మ వెనక్కి తోసేసింది. గోరంత ముక్క చూసి వంటగదంతా ఎలా తేల్చమంటావు, చెక్కముక్కల మీద వేసి ఇవ్వమంది. కొట్టతను గొణుక్కుంటూనే మూడు ముక్కలు తయారుచేసి ఇచ్చాడు. వాటిని అలమరల దగ్గర నిలబెట్టి, పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి, లైటు వేశాక ఇంకోసారి గుమ్మంలోంచి చూసింది. మెరిసే తెలుపు కిటికీ వెలుగుకి కళ్ళలో సూదులు గుచ్చింది. లేత ఆకుపచ్చ గోడలో కలిసిపోయింది. మెరుపు లేని ముదురు నీలం ఒక్కటే మూడు పూటలా ఉన్నచోట ఉన్నట్టు కనపడింది.

కోడలి మొహం చిన్నబోయింది. అది అత్తగారికి కనపడకపోయినా గొంతును బట్టి తెలిసిపోయింది. "గోడలు నీ ఇష్టం, మెరుపు లేని తెలుపు వేయించుకో. అలమరలు మాత్రం నాకు వదిలెయ్యమ్మా," అంది. ఇద్దరికీ బేరం కుదిరింది.

పెయింటర్ వచ్చి తలుపులు విప్పి, వెనక పెన్సిల్‌తో నంబర్లు వేసి, పైపైన రుద్ది ఒక పూత వేశాడు. రెండు రోజులు ఆరాక హెడ్మాస్టరమ్మ గోరు తగిలి ఆ రంగు ఉల్లిపొరలా లేచి వచ్చింది. చెక్కకి ఏం రాశారని పెయింటర్ అడిగితే అప్పుడు బయటపడింది. వారం వారం నూనెగుడ్డతో తుడవడం ఆమె అలవాటు. చెక్క నిగనిగలాడాలని ముప్పై ఏళ్ళు తుడిచింది.

"ఈ తలుపులు తాగినంత నూనె మా ఇంటిల్లిపాదీ తిని ఉండమమ్మా," అన్నాడు పెయింటర్. రంగు పట్టదు, కొత్త తలుపులు చేయించుకోమని సలహా ఇచ్చి వెళ్ళిపోయాడు. కొడుకు కూడా, ఇక చాల్లేమ్మా, వంటామెకి మాటిచ్చేశాను అన్నాడు.

చేజేతులా చేసుకున్నదానికి ఎవర్నని ఏం లాభం? మర్నాడు పొద్దున్నే వేడినీళ్ళలో బట్టల సోడా కలిపి, కొంగు బిగించి, విప్పిన తలుపులు ముందేసుకుని పెరట్లో కూర్చుంది. కోడలు నీళ్ళు పోస్తుంటే పీచుతో తోమింది. నాలుగోసారి కడిగాక గానీ నీళ్ళు తేటగా రాలేదు. తలుపులు ఎండాక గరుకు కాగితం పట్టుకుంది. మూడో రోజు కోడలు కబురు పెడితే పెయింటర్ అయిష్టంగానే వచ్చి చూశాడు. అతను ఇక చాలన్న తలుపు మీద ఆమె వేళ్ళతో తడిమి, మూల ఇంకా జిడ్డుందంది. అతనికేమీ కనపడలేదు. తెల్లగుడ్డ పెట్టి రుద్దితే గుడ్డ పచ్చబడింది. ఆ తర్వాత ఆమె సరేనంటే తప్ప అతను ఇంకో తలుపు ముట్టుకోలేదు.

నూనెని పైకి రానివ్వని ప్రైమర్ వేసి, ఒక రోజు ఆగి గోరుతో గీకి చూశారు. కదల్లేదు. దాని మీద నీలం పల్చగా రెండు పూతలు, మధ్యలో ఒక రోజు ఆగి. తలుపుల అంచులకి మాత్రం పసుపు వేయమంది, తెరిచి ఉంటే తెలియాలని. లారీలా ఉంటుందమ్మా అని పెయింటర్ గునిశాడు.

"లారీకి రంగులు వేసేది ఎవరూ దాన్ని గుద్దుకోకూడదనే కదయ్యా," అంది. అతను పసుపు డబ్బా తెరిచాడు.

ఒకటో తారీఖు ఆరింటికే ఆమె వంటగదిలోకి వెళ్ళింది. కోడలు సాయానికి చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది. కొడుకు లేచేసరికి అన్నం ఉడికింది, కూర పొయ్యి మీదుంది, టీ మరుగుతోంది. చెంచాలు కనపడుతున్నాయా అమ్మా అని అడిగాడు, నమ్మలేక.

"లేదురా. చెంచాలుండే సొరుగు కనపడుతోంది. మిగతాది నా చెయ్యి చూసుకుంటుంది."

కొడుకు ఆ చెయ్యి వంక చూశాడు. వేళ్ళ చివర్లు గరుకు కాగితానికి అరిగి ఎర్రగా ఉన్నాయి. వారం రోజులుగా ఒకే ఇంట్లో ఉండి తను అటు చూడనేలేదని అతనికి సిగ్గేసింది. ఎనిమిదింటికి బెల్లు మోగితే తనే వెళ్ళి తలుపు తీశాడు.

"ఏమనుకోకండి, మా ఇంట్లో వంట మా అమ్మే చేస్తుంది," అని వంటామెతో అనడం లోపలికి వినపడింది.

హెడ్మాస్టరమ్మ కూర కింద మంట తగ్గించింది. గుమ్మం వైపు తిరిగి గట్టిగా కేకేసింది.

"ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలోంచే పంపిస్తావట్రా? లోపలికి పిలువు, టీ ఇస్తాను."

అని పై అలమర తెరిచి ఇంకో కప్పు తీసింది.