ఓడ తాడు

ఆ తాడు ఓడదని పార్లమెంటు చెప్పేదాకా మాకు తెలియదు. గోదావరిఖనిలో యుద్ధ ఓడను చూసినవాడెవడు? పుట్టి ఎక్కి గోదావరి అవతలి ఒడ్డుకు పోయి రావడమే మాకు తెలిసిన నీళ్ళ ప్రయాణం.

నేను రోపు మిస్త్రీని. పట్టాల మీది బొగ్గు టబ్బులను గని బాయిలో నుంచి పైకి లాగే ఇనుప తాడు నా పూచీ. నాలుగో తరగతిలో బడి మానేశాను కాబట్టి నాకు తెలిసిందంతా చేతులతో తెలిసిందే. పొద్దున మొదటి షిఫ్టుకు ముందు తాడును చుట్టే హాలర్ యంత్రాన్ని మెల్లగా తిప్పుతారు. తాడు నా అరచేతిలో నుంచి జారిపోతూ ఉంటుంది. ఎక్కడైనా తీగ తెగి లేస్తే చేతికి గుచ్చుకుంటుంది. గుచ్చుకున్న చోట సున్నంతో గుర్తు పెడతాను. గుచ్చుకోకపోతే పుస్తకంలో 'తాడు బాగుంది' అని రాసి సంతకం చేస్తాను. నేను తప్పుల్లేకుండా రాయగలిగే మాటలు ఆ రెండే.

అరవై ఆరులో కొత్త తాడు వచ్చింది. కాగితాల్లో కొత్తదనే ఉంది. ఎవడో వ్యాపారి పంపాడు. నల్లటి గ్రీజు దట్టంగా పూసి, గోనె చుట్టి పంపాడు. రెండు ముక్కలుగా వచ్చింది కాబట్టి నేను జోడించాలి. జోడించాలంటే ఇనుప పురులు విప్పి, వాటి నడుమ ఉన్న జనపనారను తీసెయ్యాలి. ఆ నారలో పసుపుపచ్చని పోగు ఒకటి కనిపించింది. ఎంత దూరం విప్పినా ఉంది.

ఆ రోజు నాకు పురులు పట్టుకున్నది గట్టయ్య. టబ్బులు నెట్టే ట్రామరు. మాది పక్కపక్క క్వార్టరు. వాడి భార్య సారలమ్మ నన్ను అన్నా అంటుంది కాబట్టి వాడికి నేను బావను.

"బావా, గిది జూడు. తాడుకు కంకణం గట్టిండ్రు," అన్నాడు.

"తాడుకు కంకణమేందిరా?"

"పసుపు దారం గాదా మరి? ఫ్యాక్టరీల పూజ జేసినంకనే పంపిండ్రు. నీ ఏసు దేవునికి పసుపు లేదు, నీకేం దెలుస్తది తియ్యి."

"మా దేవుడు చెయ్యి పెట్టి చూసుకొమ్మన్నడు. దారం జూసి నమ్ముమనలే."

"చెయ్యి నువ్వు పెట్టు, దండం నేను పెడ్త. ఇద్దరం గలిస్తె తాడు తెగుతదా?"

ఆ పోగును కళ్ళకు అద్దుకున్నాడు. అరగంటలో ట్రామర్లందరికీ తెలిసిపోయింది. ఒకడొకడే వచ్చి చూసి పోయారు. ఇన్నేళ్ళకు కంపెనీకి మా ప్రాణాల మీద దయ కలిగిందనుకున్నారు. నేను నవ్వాను గానీ కాదని చెప్పలేదు. అదేమిటో నాకూ తెలియదు.

ఐదారు నెలలు గడిచాక తాడు నడుస్తుంటే పురుల సందుల్లో నుంచి ఎర్రటి పొడి రాలడం మొదలైంది. హాలర్ కింద నేల ఎర్రగా అయ్యేది.

"చూసినవా బావా, లోపల పసుపు, బయట కుంకుమ," అన్నాడు గట్టయ్య.

నేను పాత గుడ్డతో పొడి తుడిచి గ్రీజు పూశాను. చేతికి ఏమీ గుచ్చుకోలేదు. సంతకం పెట్టాను.

అరవై ఏడు ఎండాకాలంలో, మొదటి షిఫ్టు దిగే వేళకు తాడు తెగింది. పదకొండు నిండు టబ్బులు వాలులో వెనక్కి జారిపోయాయి. గట్టయ్య ఆ టబ్బుల దారినే పైకి నడిచి వస్తున్నాడు. తాడు నడిచేటప్పుడు ఆ దారిలో మనిషి నడవకూడదని రూలు. మనుషుల కోసం ఉన్న వేరే దారిలో మోకాళ్ళ దాకా నీళ్ళుంటే అందరం టబ్బుల దారినే నడిచేవాళ్ళం. అందులో వాడొక్కడు చచ్చాడు.

తెగిన కొస నేను చూశాను. పైతీగలు మెరుస్తున్నాయి. లోపలి తీగలు లేవు. వాటి చోట ఎర్రటి పిండి ఉంది. వేలు పెడితే రాలింది. సాయంత్రానికి ఆ ముక్కలను కంపెనీవాళ్ళు స్టోరుకు పట్టుకుపోయారు.

కంపెనీ విచారణ నాలుగు రోజుల్లో ముగిసింది. రూలు మీరి నడిచాడు, తప్పు చచ్చినవాడిదే అని తేల్చారు. తప్పు వాడిది కాకపోయుంటే సారలమ్మకు పైన బొగ్గు ఏరే పని దొరికేది. ఆ పనితో క్వార్టరూ ఉండేది. ఇప్పుడు పనీ లేదు, క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. ఇంట్లో సారలమ్మ, గట్టయ్య తల్లి పోశవ్వ. సొంతూరు కమాన్‌పూర్‌లో వాళ్ళకు మిగిలింది కూలిన గోడ ఒకటి.

అప్పుడు యూనియన్ రాయమల్లు ఉర్దూ పేపరు పట్టుకుని వచ్చాడు.

"యిర్మియన్నా, మన తాడు ఢిల్లీకి పోయింది!"

"ఏం తాడు?"

"తెగిన తాడే. అది యుద్ధం జేసే ఓడదట. ఓడ ముసల్దయిందని ఇప్పి, పాత ఇనుము లెక్క వేలం ఏసిండ్రట. పాడుకున్నోడు గ్రీజు రాసి, కొత్తదని మన మెడకు గట్టిండు. పార్లమెంటుల ఒకాయన లేసి అడిగిండు, మిలిటరీ సొమ్మును గిట్ల అడ్డికి పావుశేరు ఎవడు అమ్మిండని. ఆ పసుపు పోగున్నది సూడు, అది సర్కారు గుర్తట. దొంగలెత్తుకపోతె దొరకవట్టనీకె ఏస్తరట."

సారలమ్మ తన వాకిట్లో గిన్నెలు తోముతూ వింటోంది. చేతులు ఆగాయి.

"మరి కంకణం గాదా అన్నా?"

"కాదు చెల్లె."

"ఆయన కండ్లకద్దుకున్నడు గదా."

మళ్ళీ తోముకుంది.

ముచ్చట పార్లమెంటులో ఉంది కాబట్టి కంపెనీ సారలమ్మ వాళ్ళ జోలికి పోలేదు. ఢిల్లీలో అడిగినన్ని రోజులు సారలమ్మకు ఇల్లుంది. ఏడాదిన్నర అడిగారు. అరవై ఎనిమిది చలికాలంలో పార్లమెంటు కమిటీయే గోదావరిఖనికి వస్తుందన్నారు. తాడు విప్పి పోగు చూసినవాడు సాక్షి. అంటే నేను.

ముందురోజు సారలమ్మ మా ఇంటికి వచ్చి గడపలో కూర్చుంది. నా భార్య సుసన్నా చాయ్ ఇస్తే తాగలేదు.

"అన్నా, తాడు లోపట పుచ్చిపోయిందని ఒక్క మాట జెప్పు. నువ్వు సూసినవు గదా. గంతే సాలు. ఆయన తప్పు గాదని వాళ్ళే రాస్తరు."

"చెప్త చెల్లె," అన్నాను. చెప్పాలనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున గని మేనేజరు పిలిచాడు. నన్ను ఎప్పుడూ కూర్చోమననివాడు ఆ రోజు కూర్చోమన్నాడు.

"యిర్మియా, అడిగినదానికే జవాబు చెప్పు. తాడు పాడైందంటే మరి పుస్తకంలో సంతకాలు ఎవరివని అడుగుతారు. ఎనిమిది నెలల సంతకాలు. ఒక మనిషి చచ్చిన కేసు. నీ మంచికే చెప్తున్నా."

గెస్టుహౌసులో పొడుగాటి బల్ల, తెల్ల గుడ్డ, బిస్కెట్లు, జీడిపప్పు. ఎంపీలు ఏడుగురు. ఎదురుగా నేవీ ఆఫీసరు, కాలి బూట్ల దాకా తెల్లగా ఉన్నాడు. మా ఊళ్ళో అంత తెలుపు గంటసేపు నిలవడం అప్పుడే చూశాను. మేనేజరు గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ళ మాట నాకు, నా మాట వాళ్ళకు చెప్పడానికి మా చర్చి వాడే, ఆఫీసు గుమస్తా మార్కు.

పసుపు పోగు చూశావా అన్నారు. చూశానన్నాను. అందరూ రాసుకున్నారు.

బంగారు కళ్ళజోడు ఎంపీ ఒకాయన తాడు ఎన్ని నెలలు నడిచిందని అడిగాడు. ఎనిమిది. రోజుకు ఎన్ని టబ్బులు? మూడు వందల పైన. ఆయన ఆఫీసరు వైపు తిరిగి పెద్ద గొంతుతో చాలాసేపు మాట్లాడాడు. మార్కు నా చెవిలో చెప్పాడు: "ఇంత బరువు గుంజిన తాడు పాత ఇనుమెట్లయితది, మంచి తాడునే చవకకు అమ్మి దేశం సొమ్ము ముంచిండ్రు అంటున్నడు."

ఆఫీసరు అరవలేదు. కాగితం తీసి చదివాడు. ఓడ తాడు పైకి బాగానే కనబడుతుందట. ఉప్పునీళ్ళు నారలోకి దిగి లోపలి నుంచి తింటాయట. అందుకే పనికిరాదని రాసి, ఇనుము ధరకే అమ్మారట. నేను చూసింది చూసినట్టు ఒకరు పైకి చెప్పడం అదే మొదలు. ఆయన తన శాఖను కాపాడుకోవడానికే చెప్తున్నాడు. అయినా నిజమే చెప్తున్నాడు.

ఆయన నన్నే అడిగాడు.

"లోపల తుప్పు గిట్ల కనవడ్డదా అని అడుగుతున్నడు అన్నా," అన్నాడు మార్కు.

మేనేజరు నా వైపు చూడటం లేదు. కిటికీలో నుంచి బయటికి చూస్తున్నాడు. మా పుస్తకం బల్ల మీదే ఉంది. నల్ల అట్ట.

"రోజు చెయ్యి పెట్టి చూసిన సార్. చేతికేం తగలలే," అన్నాను.

అది అబద్ధం కాదు. కళ్ళజోడు ఎంపీ బల్ల మీద చరిచాడు, దొరికారన్నట్టు. ఆఫీసరు కాసేపు నన్ను చూశాడు. తర్వాత పెన్ను మూత పెట్టుకున్నాడు.

కమిటీ పెద్ద ఏదో అన్నాడు. మార్కు నా వైపు వంగాడు. "ఇంకేమన్న చెప్పేదుందా అంటున్నరు. గట్టయ్య ముచ్చట చెప్పరాదే అన్నా. చెప్పు, నేను మంచిగ చెప్త."

"లేదు," అన్నాను.

నాకు కూడా ఒక ప్లేటులో బిస్కెట్లు ఇచ్చారు. తిన్నాను.

బయట రాయమల్లు ఉన్నాడు. "చెప్పినవా?"

"అడిగినదానికి చెప్పిన."

"గదేం మాట?"

నేను డ్యూటీకి పోయాను. ఆ రోజు నాకేమీ అనిపించలేదు. ఎప్పుడో అనిపిస్తుందని చాలా రోజులు చూశాను.

మరుసటేడు వానాకాలంలో రిపోర్టు అచ్చయింది. రాయమల్లు తెప్పిస్తే మార్కు చదివి చెప్పాడు. ఓడ గురించి, వేలం గురించి, రేవులో ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారనే దాని గురించి పేజీలకు పేజీలు. తాడు మంచిదేనని, రోజూ చూసే పనివాడే ఒప్పుకున్నాడని, కాబట్టి రక్షణ శాఖకు నష్టం జరిగినట్టేనని రాశారు. తాడు మంచిదే కాబట్టి ఆ గనిలో జరిగిన ప్రమాదంలోకి కమిటీ పోనవసరం లేదని అడుగున ఒక వాక్యం. మార్కు దాన్ని రెండుసార్లు చదివాడు. మళ్ళీ చదవమని నేను అడగలేదు.

మూడు వారాలకు క్వార్టరు నోటీసు వచ్చింది.

వాళ్ళు పోయే రోజు సామాను నేనే బస్టాండుకు మోశాను. ఒక ట్రంకు, రెండు మూటలు, రోలు. రోలు బస్సు మీద వెయ్యనని కండక్టరు గొడవ పెట్టుకున్నాడు. వాడిని ఒప్పించి దిగేసరికి సారలమ్మ మూట బిగించి కడుతోంది.

"అన్నా, అండ్ల ఆయన పేరు రాసిండ్రా?"

"లేదు చెల్లె."

"నీ పేరు?"

"నాది గూడ లేదు. రోజు తాడు చూసే పనివాడు అని రాసిండ్రు."

ముడి బిగించింది. తలెత్తలేదు.

"ఏమన్నడట ఆ పనోడు?"

బస్సు ఇంజను మోగుతోంది.

"తాడు మంచిగనే ఉన్నదన్నడట."

"గట్లనా," అంది. మూట ఎత్తుకుని బస్సు ఎక్కి, అవతలి వైపు సీటులో కూర్చుంది.

పోశవ్వకు మెట్టు అందలేదు. చంకల కింద చేతులు పెట్టి పైకెక్కించాను. మనిషిలో బరువే లేదు. నా తల మీద చెయ్యి పెట్టింది.

"సల్లగుండు బిడ్డా. నువ్వు ఢిల్లోళ్ళ ముంగట మా కోసం మాట్లాడినవు," అంది.

సారలమ్మ ఆమెకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.