లాగుడు లేని బండి

సైమా పొద్దున్నే లేచి చేసుకునేవన్నీ ఒక్కరికి సరిపడా పనులే. ఒక గుడ్డు, రెండు బంగాళదుంప ముక్కలు, ఒక కప్పు కాఫీ. కొలత రోజైతే, తరవాత మంచు కొలిచే అల్యూమినియం గొట్టాన్ని తుడుచుకుని, దాన్ని తూచే త్రాసు భుజాన తగిలించుకుని బయల్దేరుతుంది. నీళ్ల ఆఫీసు ఉద్యోగం ఆమెది. అమెరికాలోని ఐడహో కొండల మీద ఎంత మంచు పడిందో నెలకోసారి ఆమె కొలిచి రాస్తే, వేసవిలో కింది పొలాలకి ఎన్ని నీళ్లొస్తాయో ఆఫీసు వాళ్లు అంచనా కడతారు. కాల్డర్ లోయలో రోడ్డు ఆఖరున ఆమె ఉంటున్న ఇల్లు కూడా ఆఫీసుదే.

ఆ పని అంతకుముందు ఆమె తండ్రిది. తొమ్మిదేళ్ల కిందట ఆయన పై కనుమ దగ్గర గొట్టం పట్టుకునే గుండె ఆగి పోయాడు. ఊరివాళ్లు ఆయన్ని దించుకొచ్చి వాకిట్లో నిలబడితే, సైమా ఏడుస్తూ, "నా మానాన నన్ను వదిలెయ్యండి" అంది. అలాంటి రోజున ఎవరి నోటనైనా వచ్చే మాటే. కాని కాల్డర్ లోయ వాళ్లు మనిషి మాటని తేలిగ్గా తీసుకోరు. పిలవకుండా ఒకరి గడప తొక్కడం కన్నా పెద్ద అమర్యాద వాళ్లకి లేదు. అడిగింది కనక వదిలేశారు. తొమ్మిదేళ్లుగా వదిలేస్తూనే ఉన్నారు. ఇక చాలు, రండి అని ఎవరికి, ఎలా చెప్పాలో సైమాకి తెలియలేదు. చెప్పడానికి సిగ్గు కూడా వేసింది.

కిందటి శీతాకాలం మంచు మీద నడిచే ఆఫీసు వాళ్ల పాత స్నోమొబైల్ కనుమ దారిలో చెట్ల మధ్య కూరుకుపోయింది. ఏనుగంత బరువు. సగం రోజు తవ్వినా కదల్లేదు. ఎండలొచ్చాక ఒక ఉత్తరం వచ్చింది. ఈసారి కనుమ కొలత రెండు నెలలు తప్పితే అక్కడ యంత్రం పెట్టేస్తారట, మనిషి అక్కర్లేదట. మనిషి అక్కర్లేకపోతే మనిషికి ఇల్లూ అక్కర్లేదు.

అందుకే నలభై ఎనిమిదేళ్ల వయసులో, సైకిల్ తప్ప ఇంకో రెండు చక్రాల బండి ఎక్కని మనిషి, మట్టి దారుల మోటార్‌సైకిల్ కొని మంచుబండిగా మార్పించుకుందామని సెప్టెంబరులో లొరెట్టా షెడ్డుకి వెళ్లింది.

లొరెట్టాకి అరవై దాటాయి. లోయలో అన్ని ఇంజన్లూ, అందరి రహస్యాలూ ఆవిడ చేతిలోవే.

"ముందు చక్రం తీసి మంచు మీద జారే స్కీ పెడతాను. వెనక చక్రం తీసి రబ్బరు పట్టా బిగిస్తాను. అదంతా నా పని. అసలు బండి ఏదన్నదే నీ తలనొప్పి" అంది లొరెట్టా చేతులు తుడుచుకుంటూ. "చిన్న ఇంజను వద్దు, లోతు మంచులో ఏడుస్తుంది. నాలుగొందల యాభై సీసీ చూడు. బటన్ నొక్కితే స్టార్టవ్వాలి. నడుంలోతు మంచులో కిక్ కొడుతుంటే నీ శవం కోసం నేను రావాలి. కార్బ్యురేటర్ బండి వద్దు, కొండెక్కేకొద్దీ దానికి ఊపిరాడదు. ఏ సంవత్సరం బండో అడుగు, ఈ స్కీ, పట్టా కిట్ అన్నిటికీ పట్టదు. ఇక లాగుడు సంగతి నేను చెప్పక్కర్లేదుగా."

చెప్పక్కర్లేదు. ఒకే మనిషి ఏళ్ల తరబడి నడిపిన బండి, అతని మనసు ఎక్కడుండేదో అటే ఒరుగుతుంది. కొత్తవాళ్లు ఎక్కిన ప్రతిసారీ అక్కడికి చేరేదాకా సతాయిస్తుంది. చక్రాల మీద ఉండగా దారి పట్టుకుని ఉంచుతుంది కాబట్టి అంతగా తెలియదు. మంచు మీద దారీ తెన్నూ ఉండదు కనక పగ్గం తెంచుకుంటుంది. అమ్మేవాడు లాగుడు ఎటో చెప్పి తీరాలి. పగిలిన ఇంజను దాచినవాణ్ణి అయినా క్షమిస్తారు గాని, లాగుడు దాచినవాణ్ణి లోయలో ఎవరూ క్షమించరు.

షెడ్డు గోడ మీద కాగితాలు అంటించి ఉన్నాయి. ఎర్ర బండి, చేపల చెరువు వైపు లాగుతుంది. నీలం బండి, మాజీ భార్య ఇంటి వైపు లాగుతుంది, అందుకే అమ్మకం. మూడో దాని మీద గార్త్ పేరు ఉంది. నాలుగొందల యాభై, కార్బ్యురేటర్ లేని ఇంజెక్షన్ ఇంజను, బటన్ స్టార్ట్. లాగుడు దగ్గర ఖాళీ.

"గార్త్ మర్చిపోయినట్టున్నాడు. పాపం, తుంటి విరిగాక మతిమరుపు కూడా వచ్చిందేమో. మంచు మీద ఇక నడపొద్దన్నాడుట డాక్టరు, అందుకే దాని స్కీ, పట్టా నాతో తీయించేశాడు" అంది లొరెట్టా.

గార్త్ కంచెలు కట్టే మనిషి. యాభై అయిదేళ్లుంటాయి. సైమా వెళ్లేసరికి తన వాకిట్లో చేతికర్ర ఆనించుకుని బండి పక్కన నిలబడి ఉన్నాడు. ఆమెని చూసి, చూడనట్టు బండి సీటు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు.

"ఎవరు కొంటారో అనుకున్నాను. మీరా!" అన్నాడు.

"కొనకూడదా?"

"అబ్బే, అలా కాదు."

సైమా బెదురుగానే ఎక్కి, గార్త్ ఇంటి నుంచి పైకి ఒక మైలు నడిపి చూసింది. వెన్నలా వెళ్లింది. చెయ్యి వదిలినా అటూ ఇటూ ఒరగలేదు.

"లాగుడు ఎటండీ?" అంది తిరిగొచ్చి.

గార్త్ కర్ర వైపు చూశాడు. "లేదు" అన్నాడు.

ఏళ్ల తరబడి నడిపిన బండికి లాగుడు లేకపోవడమేమిటని ఇంకెవరైనా అయితే నిలదీసేవాళ్లు. సైమాకి అడిగే అలవాటు పోయింది. మనసు ఎక్కడా చిక్కుకోని మనిషి కాబోలు, అదృష్టవంతుడు అనుకుని కొనేసింది.

డిసెంబరులో మంచు బాగా పడ్డాక బండి బయటికి తీసింది. ఇంటి నుంచి కనుమ వైపు ఎక్కించబోతే ముందు స్కీ పక్కకి తిరిగింది. సరిచేసింది, మళ్లీ తిరిగింది. చేతులు చచ్చుబడేదాకా పెనుగులాడి, ఓపిక అయిపోయి పట్టు సడలిస్తే, బండి గుండ్రంగా తిరిగి కొండ దిగి, ఇల్లు దాటి, రెండు వందల గజాల కింద మలుపులో దేవదారు లాంటి పెద్ద స్ప్రూస్ చెట్టు వెనక ఆగిపోయింది. ఇంజను పోయింది. ఇంజనుకి గాలి పోయే దారిలో మంచు దూరిందేమోనని విప్పి చూసింది. శుభ్రంగా ఉంది. మర్నాడూ అంతే. జనవరిలో అయిదుసార్లు ప్రయత్నించింది. అయిదుసార్లూ అదే చెట్టు వెనక అదే జానెడు చోట ఆగింది. జనవరి కొలత తప్పింది.

ఫిబ్రవరి మొదటి వారంలో సిగ్గు చంపుకుని రేడియోలో లొరెట్టాని పిలిచింది. తొమ్మిదేళ్లలో ఆమె ఒకరిని పైకి రమ్మనడం అదే మొదటిసారి. లొరెట్టా తన స్నోమొబైల్ మీద గంటలో వచ్చేసింది. ఏమీ విప్పలేదు. చెట్టు వెనక ఆగిన బండెక్కి కూచుని, చూపు ఎత్తి ఎదురుగా చూసింది.

"సైమా, కొనేటప్పుడు నాలుగు దిక్కులకీ తిప్పి చూశావా?"

"లేదు. పైకే నడిపాను. మా ఇంటి వైపు."

"ఎంత పిచ్చిదానివే! అది వెళ్దామనుకున్న వైపే నువ్వు తీసుకెళ్తే ఇంకేం లాగుతుంది? రా, ఇలా కూచుని చూడు."

సైమా కూచుంది. కొమ్మల సందులోంచి ఒకటే కనిపిస్తోంది. తన ఇల్లు. వంటింటి కిటికీ, పైన పొగగొట్టం.

"ఇంజను చచ్చిపోలేదే పిల్లా. చేరుకుంది" అంది లొరెట్టా. తరవాత కోపం వచ్చింది ఆవిడకి. "గార్త్ అబద్ధం ఆడాడా? లాగుడు గురించి? పద, వాడి సంగతి చూద్దాం."

గార్త్ తలుపు తీసి, ఇద్దర్నీ చూడగానే విషయం గ్రహించాడు. కూచోమనలేదు. తనూ కూచోలేదు.

"లేదన్నారు మీరు" అంది సైమా. "ఉద్యోగం పోయే పరిస్థితి నాది. ఇల్లు పోతుంది. ఎందుకు దాచారు?"

"మీ మొహం మీదే ఎలా చెప్పను, మీ ఇంటి వైపని?"

"ఎన్నాళ్లు వచ్చారు?"

"తొమ్మిది శీతాకాలాలు. ఆదివారం, బుధవారం."

"ఆ చెట్టు వెనక నిలబడి ఏం చేసేవారు?"

"పొగ చూసేవాణ్ణి." గార్త్ తల ఎత్తలేదు. "మీ నాన్నని దించిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఒక్కరే ఉంటారు గదా పైన, ఏమైనా అయితే ఎవరికి తెలుస్తుంది? పొగ వస్తుంటే బాగానే ఉన్నారని తిరిగొచ్చేవాణ్ణి. రావద్దన్నారు. అందుకని తలుపు దాకా రాలేదు."

మలుపు దగ్గర జాడలు సైమా చాలాసార్లు చూసింది. కొండ మీదికి షికారుకొచ్చే వాళ్లు దారి తప్పి వెనక్కి తిరిగారనుకునేది. వారానికి రెండుసార్లు ఒక మనిషి తన కోసం అంత దూరం వచ్చాడు. ఆ రెండు రోజులూ తను లోపల, ఈ భూమ్మీద నేనున్నానని ఒక్కరికీ గుర్తులేదు అనుకుంటూ గిన్నె కడుక్కుంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆమెకి అర్థం కాలేదు. ఏడుపు మాత్రం వచ్చింది.

"లాగుడు పోవాలంటే ఒకటే దారి" అంది లొరెట్టా. ఆవిడ కోపం ఎప్పుడో దిగిపోయింది. "చెట్టు దగ్గర వెనక్కి తిరిగినవాడే ముందుకెళ్లాలి. రెండు వందల గజాలకి నీ తుంటి ఏం అరిగిపోదులే, కోటు వేసుకో."

ముగ్గురూ లొరెట్టా స్నోమొబైల్ మీద ఇరుక్కుని, బండి ఉన్న మలుపు దాకా వచ్చారు. లొరెట్టా తనకేదో పనుందని చెప్పి, లేని పని కోసం వెళ్లిపోయింది.

గార్త్ బండెక్కి బటన్ మీద వేలు పెట్టాడు. నొక్కలేదు.

"నావల్ల కాదు" అన్నాడు.

"నేనేం లాక్కెళ్లను. రమ్మనడం నా వల్లా కాలేదు తొమ్మిదేళ్లూ" అని సైమా మంచులో కాళ్లీడ్చుకుంటూ ఇంటికి నడిచింది. మెట్లెక్కి తలుపు బార్లా తెరిచింది. వేడంతా బయటికి పోతోంది. కట్టెలు దండగ. అయినా గడపలో నిలబడి, వాకిట్లో పాతికమంది ఉన్నంత గట్టిగా, కొండ మారుమోగేలా అరిచింది.

"రా!"

చాలాసేపు ఏమీ లేదు. తరవాత ఇంజను మోగింది.

మర్నాడు ఆ బండి తల తిప్పకుండా కనుమ ఎక్కుతుంది. పదకొండు అడుగుల మంచు సైమా పుస్తకంలోకి ఎక్కుతుంది, ఉద్యోగం నిలుస్తుంది. అది రేపటి సంగతి. ఆ పూట గార్త్ బూట్లు విప్పి, ఉన్న ఒక్క కుర్చీలో ముళ్ల మీద ఉన్నట్టు కూచున్నాడు. సైమా కట్టెల పెట్టె మీద కూచుంది. కాసేపటికి అతను వంటింటి కిటికీలోంచి బయటికి చూసి, మొహం కందిపోయి, "ఇక్కణ్ణించి ఆ చెట్టు ఇంత బాగా కనిపిస్తుందా? ఎప్పుడైనా నన్ను చూశావా?" అన్నాడు.

"నిన్ను చూళ్లేదు. చెట్టునే చూసేదాన్ని."

"చెట్టులో ఏముంది చూడ్డానికి?"

"ఎవరైనా వస్తే ఆ మలుపులోంచే గదా రావాలి" అంది సైమా. "రోజూ చూసేదాన్ని."