అక్క దగ్గరున్న నా పెళ్ళి

రక్తమట. మా అమ్మ రక్తమట. కారం మిల్లు ఓనరు గారూ, మీరూ, మీ మాటకి తలూపే మా ఆయన నాగూర్ వలీ కలిసి ఎంత సులువుగా చచ్చిపోయిన ముసలమ్మ నెత్తిన తోసేశారు. నా బుర్రలోంచి మాటలు జారిపోతుంటే తప్పు చివరి రోజుల్లో అన్నీ మర్చిపోయిన మా అమ్మది, మీ మిల్లుది కాదు.

సత్తెనపల్లిలో ఆ మిల్లు వెనక రేకుల షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్ళు మిరపకాయల తొడిమలు తీశాను. గోడకి అవతల కారం ఆడతారు. ఆ దుమ్ము లాగే ఫ్యాను మా వైపుకి పెట్టారు, రోడ్డు వైపు పెడితే జనం తుమ్ముతారని. లారీలు ఇంజను ఆపకుండా మా గుమ్మంలోనే నిలబడేవి. ఇంటికొస్తే పత్తికట్టె పొయ్యి పొగ. ఇన్నేళ్ళూ నేను ఊపిరి పీల్చకుండా బతికాననుకున్నారేమో.

మొన్న ఆదివారం మా అక్క నగ్మా సింగరాయకొండ నుంచి వచ్చింది. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. అదే అమ్మ, అదే నాన్న. సముద్రపు గాలి తగిలే వరండాలో కుట్టుమిషను తొక్కుకుని బతికింది. నేను పప్పు తాలింపు పెడుతుంటే మా అమ్మాయి నస్రత్‌కి నా పెళ్ళి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. నా చెప్పు తెగిపోతే నాన్న తన చెప్పులిచ్చాడట, అవి వేసుకుని టపటపలాడుతూ అత్తారింటికి పోయానట. నస్రత్ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. నేనూ నవ్వాను, ఎవరి కథో విన్నట్టు. నాకు ఆ చెప్పులు గుర్తులేవు. నాన్న ముఖం ఉంది, కాళ్ళు లేవు. నా పెళ్ళి నా దగ్గర లేదు, దాని దగ్గరుంది. దాని తీరికని, దాని ఆరోగ్యాన్ని చూసి ఎన్నడూ కుళ్ళుకోలేదు. ఆ పూట మాత్రం దాని తల పగలగొట్టి నా చెప్పులు లాక్కోవాలనిపించింది.

"గుర్తులేదటే జహీరా?" అంది అక్క.

గుర్తులేకేం అని అబద్ధమాడాను. తాలింపు మాడింది.

"దానికేం గుర్తుంటది, వాళ్ళమ్మ పోలికేగా. రక్తం," అన్నాడు మా ఆయన మంచం మీంచి.

"మా అమ్మ రక్తం నాలో లేదా మరిదీ?" అంది అక్క.

మా ఆయన మాట మార్చి, మీరు కబురు పెట్టారనీ, రేపట్నుంచి నా చోట్లో నస్రత్‌ని కూర్చోబెట్టమన్నారనీ చెప్పాడు.

గరిటె పక్కన పెట్టేశాను. గుంటూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చెప్పిన మాట మాత్రం ఎందుకో మర్చిపోలేదు. రక్తంలో ఉంటే ఉండొచ్చు, దుమ్మూ పొగా దానికి తోడైతే ఇంకా ప్రమాదం, ఏది ఎంతో ఎవరూ తూచి చెప్పలేరు అంది. సరే, రక్తమే అనుకుందాం. ఆ రక్తం నస్రత్‌లోనూ ఉంది. తెలిసీ తెలిసీ దాన్ని ఆ గాలిలో కూర్చోబెడతారా? రక్తాన్ని ఎవరూ మార్చలేరు. గాలిని మార్చొచ్చు, మీకు మనసు లేదంతే.

"నస్రత్ రాదు," అన్నాను. "నేనొస్తా, మిల్లు గేటు దగ్గరికి."

మా ఆయన నవ్వాడు, దార్లో ఎందుకొచ్చావో మర్చిపోతావని. మర్చిపోతానేమో. ఇదిగో మీ గేటు ముందు నిలబడ్డాను, పక్కన నస్రత్ ఉంది, నేను మర్చిపోతే తను చెబుతుంది. లోపలున్న ఇరవై ఆరుగురు ఆడవాళ్ళనీ ఇప్పుడే బయటికి పంపండి. ఆ షెడ్డులో మనిషి పీల్చే గాలి ఉందని మాకు చూపించేదాకా మిల్లు ఆపండి.