వాగు మంచెకు తూటాలు

ఆ ఆదివారం తాతయ్య ఇంట్లో ఐదుగురం ఉన్నాం. కట్టెల పొయ్యి పక్కన కుర్చీలో తాతయ్య ఎల్వుడ్. టేబుల్‌కు ఆ చివర అమ్మకు అన్న, డెంజిల్ మామయ్య. అతని భార్య నదీన్ అత్తయ్య నిలబడి మర్నాటికి మాంసం ముక్కలు పెట్టిన పెప్పరోనీ రొట్టెలు కాగితాల్లో చుడుతోంది. ఈ చివర మా అమ్మ మెర్లీన్, ఆమె పక్కన నేను. నా పేరు ఐవా. టేబుల్ కింద డ్యూక్ ఉంది. దాన్ని కూడా లెక్కేస్తే ఆరుగురం, కానీ అది చెవిటి ముసలి కుక్క, అక్కడ జరిగినదానికి సాక్ష్యం చెప్పలేదు. నాన్న నది మీద సరుకులు మోసే బార్జీ పడవ పనిలో ఉన్నాడు, శుక్రవారం దాకా రాడు.

తెల్లారితే సోమవారం, కొమ్ముల జింకల వేట మొదలు. మా బడికి వారమంతా సెలవు. బడి తెరిచినా ఆ వారం ఎవరూ రారని మా టీచరు అంటుంది.

తాతయ్య కుర్చీ వెనక గోడ మీద పద్నాలుగు గుడ్డముక్కలు మేకులకు ఉన్నాయి. గురి తప్పినవాళ్ళ చొక్కా వెనక అంచులు అవి. ఎవరికి తప్పినా సాయంత్రం అందరి ముందూ కత్తెరతో అంచు కోసి, పేరూ సంవత్సరమూ రాసి గోడకు కొడతారు. అందరూ నవ్వుతారు, కోయించుకున్నవాడు కూడా. అందులో అమ్మ పెళ్ళికి ముందువి రెండున్నాయి. రెండేళ్ళ కిందటి నీలం గళ్ళ ముక్క డెంజిల్ మామయ్యది.

ఆ ఇంట్లో ఇంకో నియమం ఉంది. దానికి గోడ మీద గుర్తు ఉండదు. జింకకు గాయం చేసి, దాన్ని వెతికి పట్టుకోలేకపోయినవాడు తాను వేటకు కూర్చునే మంచె వదిలెయ్యాలి. ఒక్క ఏడాదికి కాదు, ఎప్పటికీ. తాతయ్య సొంత తమ్ముడు అలాగే వదిలేశాడట. ఆ తర్వాత అతను నవంబరు నెలలో మా లోయలోకే రాలేదట.

అమ్మది వాగు మంచె. జింకలు నీళ్ళు దాటే చోటు మంచెకు ముప్పై అంగల దూరం కూడా ఉండదు. రెండేళ్ళ కిందట కలప మిల్లులో దుంగ దొర్లి అమ్మ కుడి భుజం నలిగింది. రైఫిల్ వెనక్కి తన్నితే ఆ భుజం ఇక తట్టుకోలేదు. నిరుడు వేట రోజుల్లో అమ్మ కిటికీ దగ్గర కూర్చుని బంగాళాదుంపలు తొక్క తీసింది, ఎవరూ తినలేనన్ని. ఈ ఏడు అమ్మమ్మ వదిలి వెళ్ళిన రివాల్వర్ బయటికి తీసింది. మంచె కమ్మీ మీద రెండు చేతులూ ఆనించి కాల్చడం వేసవంతా నేర్చుకుంది. ముప్పై అంగల్లో కాఫీ డబ్బా మూతను ఆరుకు ఆరుసార్లూ కొడుతుంది. గురి సంగతి ఎవరికీ అనుమానం లేదు. మిగిలింది తూటాలు. తప్పుడు తూటాతో జింక గాయపడి పారిపోతే అమ్మకు మంచె పోతుంది. రివాల్వర్‌తో వేటాడగలిగేంత దగ్గరి మంచె మా కొండ మీద ఇంకొకటి లేదు. అంటే ఆమె వేటే పోతుంది.

టేబుల్ మీద రెండు డబ్బాలున్నాయి. ఒకటి నేను కాగితం మీద రాసిస్తే అమ్మ పట్నంలో కొన్నది. బరువైన గట్టి సీసం గుండ్లు, ముక్కు మొద్దుగా బల్లపరుపుగా ఉంటుంది, చూడటానికి ఏ అందమూ లేదు. రెండోది మామయ్య కానుకగా తెచ్చినది. తేలికైన గుండ్లు, రాగి తొడుగు, కొన దగ్గర బోలు. చెవికి పెట్టుకునే నగల్లా మెరుస్తున్నాయి.

మామయ్య జైల్లో కాపలా ఉద్యోగం చేస్తాడు, రోజూ నడుముకు పిస్తోలు ఉంటుంది. అందుకని పిస్తోళ్ళ మాట వస్తే మా ఇంట్లో ఆయన మాటే చివరిది. పోయిన వారం ఈ తూటాతో నీళ్ళ డబ్బాను కాల్చాననీ, డబ్బా పేలి మూత పశువుల కొట్టం కప్పు మీద పడిందనీ చెప్పాడు. ఆ బోలు కొన లోపలికి వెళ్ళగానే పువ్వులా విచ్చుకుంటుందనీ, నా డబ్బాలో సీసం మాత్రం ఇటు దూరి అటు పోతుంది తప్ప ఏమీ చెయ్యదనీ వివరించాడు.

"పుల్లతో పొడిచినట్టు ఉంటుంది మెర్లీన్. జింక వెనక్కి తిరిగి, ఎవరో పిలిచారనుకుని వెళ్ళిపోతుంది," అన్నాడు.

తాతయ్య నవ్వాడు. అత్తయ్య నవ్వలేదు, కాగితం మడతలు సరిచేస్తోంది.

ఆ సీసం ఎవరు కొనమన్నారని మామయ్య అడిగాడు. అమ్మ నా వైపు చూసింది. నేను నా పళ్ళెంలో బీన్స్ వైపు చూశాను.

"ఐవా చెప్పిందా? ఆ పిల్ల నోరు తెరిచి చెప్పిందా? ఈ గోడ మీద క్యాలెండర్ నయం, నెలకోసారైనా కొత్త మాట చెబుతుంది."

అందులో ద్వేషం లేదు. ఆయన నన్ను చిన్నప్పటి నుంచీ అలాగే ఆటపట్టిస్తాడు. నా కాళ్ళకున్న బూట్లు ఆయన కొనిచ్చినవే. అదే నాకు కష్టమైంది.

అమ్మ తాతయ్యను అడిగింది. డెంజిల్‌కు పిస్తోలు రోజూ పని, ఆ పిల్లకు పుస్తకాలు పని అన్నాడు తాతయ్య. అమ్మ కాసేపు రెండు డబ్బాల మధ్య చెయ్యి పెట్టి కూర్చుంది. తర్వాత నా డబ్బా పక్కకు జరిపి, మెరిసేవి ఒక్కొక్కటే తన తోలు పట్టీలో దోపడం మొదలుపెట్టింది. ఇంట్లో తుపాకీ నింపకూడదు కాబట్టి మా వాళ్ళు తూటాలు పట్టీలోనే సర్దుకుంటారు. ఆరు గూళ్ళు. ఆరూ నిండాయి.

నేను లేచి మెట్లెక్కి పై గదిలోకి వెళ్ళాను. అలిగాననుకున్నారు. మామయ్య వెనక నుంచి ఏదో అన్నాడు, వినిపించలేదు. పక్క కింద నుంచి నా పుస్తకం తీసుకుని, దాన్ని గుండెకు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. దిగకపోతే ఏమవుతుందో ఊహించుకున్నాను. అమ్మ కిటికీ, అమ్మ బంగాళాదుంపలు. దిగాను.

ఆ పుస్తకంలో నా తొమ్మిదో ఏటి నుంచి మా కొట్టంలో వేలాడదీసిన ప్రతి జింకా ఉంది. ముప్పై ఒక్కటి. చర్మం తీసేటప్పుడు దీపం పట్టుకోవడం నా పని. గుండు ఎక్కడ దూరింది, ఏ ఎముకకు తగిలింది, ఎంత లోతు వెళ్ళింది, బయటికొచ్చిందా లేదా, జింక ఎన్ని అంగలు నడిచి పడింది, అన్నీ రాసేదాన్ని. పక్క లోయ హోబర్ట్ ముసలాయన రివాల్వర్‌తోనే వేటాడతాడు. ఆయన సొంతంగా పోసుకునే మొద్దు సీసం గుండ్లతో కొట్టిన మూడు జింకలు కూడా అందులో ఉన్నాయి. మూడింటికీ ఇటొక రంధ్రం, అటొక రంధ్రం, నా బొటనవేలు పట్టేంత. మధ్యలో భుజం ఎముక విరిగి ఉంది. ఏదీ నలభై అంగలు దాటలేదు. అటు రంధ్రం ఉంటే నెత్తురు నేల మీద పడుతుంది, దాని వెంట నడిచి వెళ్ళొచ్చు అని హోబర్ట్ చెప్పాడు. అదీ రాసుకున్నాను.

రెండేళ్ళ కిందటి నవంబరు పేజీలో ఒక చిన్న వస్తువు టేపుతో అంటించి ఉంది. నేను పేజీ తెరిచి, టేపు గోటితో లేపి, దాన్ని అమ్మ ముందు పెట్టాను. రాగి రేకులు నాలుగు వెనక్కి విచ్చుకున్న గుండు. పువ్వులాగే ఉంది. మామయ్య చెప్పింది అబద్ధం కాదు.

అమ్మ అది ఎక్కడిదని అడిగింది.

"వేట మొదలైన వారంలోనే, థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు, శుక్రవారం దొరికింది. ముళ్ళపొదల్లో కాకులు అరుస్తుంటే వెళ్ళాను. కొమ్ములకు ఎనిమిది కొనలున్న మగ జింక," అన్నాను. నా గొంతు ఎవరిదో అయినట్టు వినిపించింది. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలిసి, తల దించుకుని పుస్తకంలో రాసింది చదివాను. "ఎడమ జబ్బ ఎముక దగ్గర రంధ్రం. కత్తి పెట్టి కోసి చూశాను. గుండు రెండంగుళాల లోతులో ఎముకకు తగిలి ఆగిపోయింది. ఊపిరితిత్తికి ఏమీ కాలేదు. అవతల రంధ్రం లేదు. నెత్తురు చాలా తక్కువ. దిబ్బ మంచె నుంచి ముప్పావు మైలు. పడుకుని లేచిన గుర్తులు మూడు చోట్ల ఉన్నాయి. వెంటనే చావలేదు."

దిబ్బ మంచె మామయ్యది. ఆ ఏడు సరదాకి రైఫిల్ మాని పిస్తోలు పట్టుకెళ్ళింది మామయ్య ఒక్కడే. ఆ సంగతి ఆ టేబుల్ దగ్గర ఎవరికీ ఎవరూ గుర్తుచెయ్యనక్కర్లేదు.

మామయ్య గుండును తీసుకుని వెలుగుకు పెట్టి చూశాడు. అది ఎవడిదైనా కావచ్చన్నాడు. రోడ్డు మీద కార్లలోంచి కాల్చిపోయే వెధవలకు మా లోయలో కొదవలేదన్నాడు. నాకేసి చూడలేదు.

అప్పుడు నదీన్ అత్తయ్య చేతిలో రొట్టె కింద పెట్టింది.

"ఆ మంగళవారం, బుధవారం నువ్వు టార్చి పట్టుకుని తిరిగావు డెంజిల్. గొడ్డలి పోయిందన్నావు. మనింట్లో గొడ్డలి ఎప్పుడూ పోలేదు."

పొయ్యిలో ఒక కట్టె కూలింది. నేను మామయ్య ముఖం చూశాను, చూడకుండా ఉండాల్సింది. రెండు రోజులు చీకట్లో ఆ జింకను వెతికిన మనిషి ముఖం అది. వెతకడం నిజం. దొరక్కపోవడం నిజం. సోమవారం సాయంత్రమే గురి తప్పిందని చెప్పి, నవ్వుతూ అంచు కోయించుకున్నాడు కాబట్టి, తర్వాత నిజం చెప్పడానికి దారి లేకపోయింది. ఆ గుండు అలా చేస్తుందని ఆయన ఇప్పటికీ నమ్మడం లేదు. తన గురి చెడిందనుకున్నాడు, అంతే. లేకపోతే అదే రకం డబ్బా కొని సొంత చెల్లెలికి ప్రేమగా తెచ్చేవాడు కాదు.

"ఇవి మనిషి లోపల ఆగిపోవడానికి చేసిన గుండ్లు మామయ్యా," అన్నాను. "మీ పనికి అవే సరైనవి. జింక జబ్బ ఎముక దగ్గర అవి ఆగిపోకూడదు. మీ గురి బాగానే ఉంది."

ఆ ఆఖరి మాట ఓదార్పుగా అన్నాను. ఆయనకు అది అన్నిటికన్నా ఎక్కువ తగిలినట్టుంది.

తాతయ్య కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. గోడ దగ్గరికి వెళ్ళి నీలం గళ్ళ ముక్క మేకు నుంచి లాగి, తెచ్చి మామయ్య ముందు పెట్టాడు.

"ఇది గురి తప్పినవాడిది," అన్నాడు. "నీది కాదు. రేపు దిబ్బ మంచె ఎక్కకు."

మామయ్య ఆ గుడ్డను మడతపెట్టి జేబులో వేసుకున్నాడు. ఆయన చేతులు ఇంత నెమ్మదిగా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత తాతయ్య నా వైపు తిరిగాడు. రెండేళ్ళు నేను కూడా దాచానని అన్నాడు. ఆ రోజే తనకొక్కడికి చెప్పి ఉంటే వేరని, ఇలా భార్య ముందు, చెల్లెలి ముందు, భోజనాల టేబుల్ దగ్గర పెద్దవాణ్ణి నిలబెట్టడం మా ఇంట్లో పద్ధతి కాదని అన్నాడు. "మీ మామయ్యకు క్షమాపణ చెప్పు."

ఇంకో రోజైతే తల ఊపి, గొణిగి, పైకి పరిగెత్తి పుస్తకంలో రాసుకునేదాన్ని.

"రెండేళ్ళు దాచినందుకు చెబుతాను," అన్నాను. "ఇవాళ చెప్పినందుకు చెప్పను."

తాతయ్య ఇంకోసారి అడిగాడు. నేనూ అదే మాట ఇంకోసారి అన్నాను, ఈసారి కొంచెం గట్టిగా.

"ఆ పిల్ల ఇక్కడుంటే నేనీ టేబుల్ దగ్గర కూర్చోను నాన్నా," అన్నాడు మామయ్య.

తాతయ్య నన్ను కాసేపు బయట వసారాలో ఉండమన్నాడు. అమ్మ నోరు తెరవబోయింది. నేను తల అడ్డంగా ఊపాను. నాకు ఆమె మాట అక్కర్లేదు, ఆమె చేతులు కావాలి. పుస్తకం చంకన పెట్టుకున్నాను. రాగి పువ్వును తీసుకోలేదు, టేబుల్ మీదే వదిలేశాను.

మామయ్యే లేచి మేకుకున్న నా కోటు తీసిచ్చాడు. తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"చలిగా ఉంది, బొత్తాలు పెట్టుకో," అన్నాడు, నా తల పైనుంచి చీకటి పడుతున్న కొండను చూస్తూ.

నేను వసారాలోకి వచ్చి, వెళ్ళిపోకుండా గడప ఇవతల నిలబడి వెనక్కి తిరిగాను. ఆయన భుజం పక్క నుంచి టేబుల్ కనిపించింది. అమ్మ తోలు పట్టీ తిరగేసి దులిపింది. మెరిసేవి ఆరూ టేబుల్ మీద దొర్లాయి. ఒకటి కింద పడితే డ్యూక్ వాసన చూసింది. అమ్మ నా డబ్బాను మంచి చేత్తో దగ్గరికి లాక్కుని, పళ్ళతో మూత తెరిచింది. మొద్దు ముక్కు తూటా ఒకటి పట్టీలో దోపింది. తల ఎత్తకుండా రెండోది దోపింది. మూడోది గూట్లోకి సగం దిగడం చూశాను.

అప్పుడు మామయ్య తలుపు వేసేశాడు.